గంగమ్మ జాతరలో చిన్నపిల్లలకు బండ వేషం వేయవచ్చునా?

కొర్లగుంట నుంచి ఒక తల్లి:

ఈ ఏడాది తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మా ఏడేళ్ల అబ్బాయికి బండ వేషం కట్టించాలని మా అత్తగారు నిశ్చయించారు. వాడికి మూడేళ్లప్పుడు ఆటలమ్మ పోసి నాలుగు రోజులు కన్ను తెరవకపోతే, వేషం కట్టిస్తానని ఆవిడ మొక్కుకున్నారు. చాటింపు మంగళవారం రాత్రి. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం. ఆ రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని, ఎదురైన వాళ్లను బూతులు తిడుతూ గుడికి వెళ్లడం ఆచారమని మన ఊళ్లో తెలియనివారు లేరు. వేషానికి నాకు అభ్యంతరం లేదు. ఏడేళ్ల పిల్లవాడి నోట ఆ మాటలు పలికించడానికే నా మనసు ఒప్పుకోవడం లేదు. మావారు తాను చిన్నప్పుడు తిట్టినవాణ్నేనని, అంతమాత్రాన చెడిపోలేదు కదా అని అంటున్నారు. అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

బైరాగిపట్టెడ నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి:

అమ్మా, మీ వారి మాటలో నిజం ఉంది. నేను ఎనిమిదో ఏట బండ వేషం కట్టాను. మా అవ్వ తెల్లవారకముందే లేపి, పెరట్లో రాతి మీద కూర్చోబెట్టి, కుంకుమను నూనెతో కలిపి మెడ నుంచి మడమల దాకా పూసింది. కళ్లకు కాటుక దిద్దింది. మే నెల ఎండకు గంటలోపే చెమట పట్టి కుంకుమ కళ్లలోకి జారేది, మంటకు నీళ్లు కారేవి, తుడుచుకుంటే కాటుక కూడా చెరిగేది. అయినా ఆ రోజు వీధి మొత్తం నాది. సంవత్సరమంతా నన్ను గద్దించే మా వీధి కొట్టు యజమానిని నోరారా తిట్టాను. ఆయన చేతులు జోడించి నిలబడ్డాడు. సాయంత్రం అవ్వ బావి దగ్గర బిందెలతో నీళ్లు పోస్తుంటే, ఎర్రటి నీళ్లు కాలువ కట్టి అరటి పాదులోకి పోవడం ఈనాటికీ కళ్ల ముందున్నట్లే ఉంది. ఆ నీళ్లతోపాటే మాటలూ పోయాయి. మరునాడు ఒక్క చెడ్డమాట అన్నా అవ్వ వీపు విమానం మోత మోగించేది.

ఈ తిట్లకు కథ ఉంది. ఊళ్లోని ఆడవాళ్లను చెరిచిన పాలెగాడు అమ్మవారి విశ్వరూపం చూసి పారిపోయి దాక్కుంటే, వాణ్ని బయటికి రప్పించడానికి అవిలాలలో పుట్టి కైకాలవారింట పెరిగిన గంగమ్మ రోజుకో వేషం వేసింది. బైరాగిగా తిరిగినా, బండగా తిట్టినా, తోటి వేషంలో తిరిగినా రానివాడు, నాలుగో రోజు దొర వేషం చూసి తన దొరేననుకుని బయటికి వచ్చి తల పోగొట్టుకున్నాడు. పిల్లవాడు తిట్టే తిట్టు ఆ పాలెగాడికే చెందుతుందన్నది మా పెద్దల నమ్మకం. తిట్లు తీసేసి ఉత్త కుంకుమ పూస్తే అది బండ వేషం కాదు, ఫొటో కోసం వేసిన రంగు.

ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, తిరుపతి:

పై పెద్దాయన చెప్పిన కథను నేను కూడా మా జేజి (నాయనమ్మ) దగ్గర విన్నాను. గంగమ్మ మీద నాకూ అంతే భక్తి ఉంది. ఆ భక్తితోనే అడుగుతున్నాను: పాలెగాణ్ని తిట్టేటట్లయితే మన నోట వచ్చే ప్రతి బూతులోనూ ఎవరో ఒకరి అమ్మ, అక్క, చెల్లెలు ఎందుకు ఉన్నారు? ఆడదాని మానం కాపాడటానికి వేషం కట్టిన తల్లి పేరు మీద ఆడవాళ్లనే మాటలతో చెరచడం ఏ మొక్కులో ఉంది?

నా చిన్నతనంలో మా ఇంటి ముందు గురువారమంతా తలుపు మూసే ఉండేది. వీధిలో మగపిల్లల కేకలు వినబడగానే జేజి నన్నూ మా అక్కనూ లోపలికి లాగి గడియ పెట్టేది. సందులోంచి చూస్తే ఎర్రటి కాళ్లు కనబడేవి, అంతే. ఆ రోజు పండుగ వీధిలోని మగపిల్లలది, మాది కాదు. అదే ఆదివారం మాతంగి వేషం నాడు మా పెదనాన్న మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, గాజులు వేసుకుని, జడనిండా మల్లెలు పెట్టుకుని మా గడపలో నిలిచాడు. మీసం తీసేసిన ఆ ముఖాన్ని నేను గుర్తుపట్టలేదు. మా జేజి, స్వయానా ఆయన తల్లి, పసుపునీళ్లతో ఆయన కాళ్లు కడిగి, కుంకుమ పెట్టి, వంగి నమస్కరించింది. పాలెగాణ్ని చంపిన తరువాత వాడి భార్యను ఓదార్చడానికి అమ్మవారు వేసిన వేషమది అని ఆవిడ నాకు చెప్పింది ఆ పూటే. శత్రువు పెళ్లాన్ని కూడా ఓదార్చే దేవత ఒకతె ఉంటుందని తెలుసుకోవడానికి పిల్లలకు అంతకన్నా మంచి పాఠం బడిలో మేము చెప్పలేము.

పిల్లలు మాటను వేషంతోపాటు కడిగేసుకుంటారని పెద్దాయన అంటున్నారు. ఆయన కాలంలో మరునాడు వీపు మీద దెబ్బ వేసే అవ్వ ఉంది. ఇప్పుడు ఆ తిట్లను సెల్‌ఫోన్లో చిత్రీకరించి, పిల్లవాడు ఎంత ముద్దుగా తిడుతున్నాడో చూడండంటూ చుట్టాలందరికీ పంపుతున్నారు. జాతర తరువాత బడి తెరిచాక అవే మాటలు రెండో తరగతి ఆడపిల్లల మీద పడటం నేను విన్నాను. ఆ పిల్లవాడికి తప్పు చేశానని కూడా తెలియదు.

బైరాగిపట్టెడ నుంచి మళ్లీ:

మూసిన తలుపు సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ సందులోంచి కనబడిన ఎర్రటి కాళ్లలో నావీ ఉండే ఉంటాయి. తిట్లు లేని బండ వేషం ఉండదన్న నా మాటను మాత్రం వదులుకోలేను. అందుకే పిల్లలకు ఆ వేషమే వేయకుండా, పదహారో పదిహేడో దాటాక తమంతట తాము కట్టనివ్వడం మేలనుకుంటున్నాను. అమ్మా, మీ అత్తగారు మొక్కుకున్నది బండ వేషమేనా, లేక ఉత్త వేషమని మొక్కుకున్నారా? మా ఇళ్లలో మొక్కును పలికిన మాట ప్రకారమే తీరుస్తాం కాబట్టి అడుగుతున్నాను.

కొర్లగుంట తల్లి:

అడిగాను. "వేషం కట్టిస్తాను తల్లీ, బిడ్డను నిలబెట్టు" అని మొక్కుకున్నారట. ఏ వేషమో ఆనాడు పలకలేదు. బండ వేషం అన్నది తరువాత మావారు చేర్చుకున్న మాట. అత్తగారు కాసేపు ఆలోచించి, అలాగైతే బుధవారం బైరాగి వేషం కడదామన్నారు. మావారికి ఇంకా పూర్తిగా నచ్చలేదు; కావాలంటే గురువారం తానే బండ వేషం కట్టి వెళ్తానంటున్నారు, నేను కాదనలేదు. ఈ ఉదయం బైరాగి వేషానికి ఒంటికి పూసే తెల్లటి నామకొమ్ము తెచ్చి, అరగదీసి వాడి ముంజేతి మీద కొంచెం పూసి చూశాము. ఆరేకొద్దీ చర్మం బిగుసుకుంటోందని వాడు చేయి ముడుస్తూ చాపుతూ ఇల్లంతా తిరుగుతున్నాడు.