ఫ్రిజ్ తలుపు రాత్రంతా తెరిచే ఉండిపోయింది, ఇప్పుడేం చెయ్యాలి?

నమస్తే అండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రాత్రి మా చిన్నోడు మంచినీళ్ల సీసా తీసుకుని ఫ్రిజ్ తలుపు సరిగ్గా వెయ్యలేదు. తెల్లారి 5 గంటలకి లేచి చూస్తే లోపల లైటు వెలుగుతోంది, గచ్చంతా నీళ్లు, వెనక కంప్రెసర్ పెనంలా కాలుతోంది. ఫ్రీజర్ గోడలకి కొబ్బరి కోరులా మంచు పేరుకుపోయింది. అసలే మా కోనసీమ గాలికి చెమ్మెక్కువ కదా.

మా మావయ్యగారేమో "పోన్లే, గది చల్లబడిందిగా" అంటారు. లోపలి వేడిని లాగి వెనక జాలీలోంచి అదే గదిలోకి వదిలే మిషను గదినెలా చల్లబరుస్తుందండీ? పైగా అది తాగిన కరెంటు కూడా చివరికి వేడే అవుతుంది. ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదనుకోండి.

తలుపు వేసి 4 గంటలైంది. మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంది, కింది అరల్లో మాత్రం చల్లదనం లేదు. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్. ప్లగ్ తీసేసి మంచు మొత్తం కరిగాక మళ్లీ వెయ్యనా, అలాగే వదిలెయ్యనా? చాకుతో గీకితే పైపుకి చిల్లు పడి గ్యాస్ పోతుందని ముట్టుకోలేదు. నిన్న ఒలిచి, కడిగి పెట్టిన కిలో రొయ్యలు మెత్తబడిపోయాయి, పారబొయ్యక తప్పదా? ఆవకాయకి ఢోకా లేదులెండి.