ఆన్రి మెయాక్ నాటకాలు ఇంగ్లీషులో దొరుకుతాయా?

అందరికీ నమస్కారం. కార్మెన్ ఆపెరా వీడియో చూసినప్పటి నుంచి, దాని మాటలూ పాటలూ లుడోవిక్ అలెవీతో కలిసి రాసిన ఫ్రెంచ్ రచయిత ఆన్రి మెయాక్ గురించే ఆలోచిస్తున్నాను. ఇద్దరూ కలిసి సంగీతకర్త ఆఫెన్‌బాక్ కోసం 1864లో లా బెల్ ఎలెన్, 1866లో లా వీ పారిసియెన్ అనే హాస్య ఆపెరాలు రాశారు, అవి బాగా ఆడాయి, కానీ 1875లో పారిస్‌లో కార్మెన్ మొదటిసారి వేసినప్పుడు మాత్రం జనం పెదవి విరిచారు. పాపం అనిపించింది.

నాకు కావాల్సింది వాళ్ల 1872 నాటకం ల రెవేయాన్. వియన్నాలో యోహాన్ స్ట్రౌస్ సంగీతం కట్టిన హాస్య ఆపెరా డీ ఫ్లెడర్‌మౌస్‌కి మూలం అదే. నాకు ఫ్రెంచ్ రాదు. చదవగలిగే ఇంగ్లీషు అనువాదం ఎవరికైనా తెలుసా? ఇంకొకటి, అలెవీ లేకుండా ఫిలిప్ జిల్‌తో కలిసి మెయాక్ రాసిన ఆపెరా మనోన్ (1884, సంగీతం మాస్నే) చూసినవాళ్లుంటే, రాతలో తేడా తెలుస్తోందా? కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.