పులికాట్‌లో కయాక్‌లు తిరగనివ్వాలా, వద్దా?

అలిపిరి మెట్లు:
గాలి నింపుకునే కయాక్, అంటే చిన్న తెడ్డు పడవ, ఒకటి కొన్నా. తిరుపతిలో దాన్ని ఎక్కడ వేయాలి? కళ్యాణి డ్యామ్‌లో వేస్తే ఊరుకోరు, అవి తాగే నీళ్లు. మ్యాప్ చూస్తే పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య కదురులాగా సన్నగా శ్రీహరికోట. పొడవునా ఇసుక, ఒక్క బజ్జీల బండి లేదు. తెడ్డు వేసుకుంటూ వెళ్లి కాసేపు కూర్చుని వచ్చేలా అనుమతిస్తే తప్పేంటి? ఇంజన్ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు.

సూళ్లూరుపేట సైకిల్:
తమ్ముడూ, ఆ బీచ్ ఖాళీగా ఉన్నది నీకోసం కాదు. 1971 నుంచి అక్కడ రాకెట్లు లేస్తున్నాయి. రోడ్డు మీద వచ్చినా నీళ్ల మీద వచ్చినా అనుమతి లేకుండా మనకు ప్రవేశం లేదు. దీవి మాట వదిలెయ్. ఇక సరస్సంటావా, మన వైపు పక్షుల అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దానికీ అనుమతి కావాలి.

అలిపిరి మెట్లు:
సరే అన్నా, దీవి వద్దు. సరస్సు మధ్యలో ఉన్న ఊరు ఇరకం వరకు? అక్కడి జనం మర పడవల్లోనే కదా తిరిగేది. డీజిల్ పడవకు లేని అడ్డు నా తెడ్డుకు ఎందుకు?

ఇరకం ఆడపడుచు:
మా అమ్మగారి ఊరు అది, నేను చెప్తా. మర పడవ లోతున్న దారిలోనే పోతుంది. పక్షులకు ఆ దారి, ఆ చప్పుడు అలవాటే. నీ కయాక్ జానెడు నీళ్లలోనూ పోతుంది. ఫ్లెమింగోలు తల తిరగేసి ముక్కుతో బురద నీళ్లు వడకట్టుకుని మేసేది సరిగ్గా అక్కడే. చప్పుడు లేకుండా మీదికి వెళ్తే గుంపంతా ఒక్కసారి లేస్తుంది. రోజుకు పదిసార్లు లేపితే అవి మేసేదెప్పుడు? పీతల వలల సంగతి సరేసరి. గుర్తుకు కట్టిన ఖాళీ బాటిల్‌ని చెత్త అనుకుని లాగేసినవాళ్లను చూశా.

తడ టీకొట్టు:
అక్కా, ఫ్లెమింగో పండుగకు మైకులు పెట్టొచ్చు గానీ నలుగురు తెడ్డు వేయకూడదా? మన కుర్రాళ్లు పని కోసం చెన్నై పోతున్నారు. వాళ్లనే తోడు పంపండి. పక్షులున్న అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆపి, మిగతా నెలల్లో వదలండి.

ఇరకం ఆడపడుచు:
మైకుల మాట నిజమే, నాకూ నచ్చవు. కానీ మిగతా నెలల్లో నీళ్లేవి తమ్ముడూ? ప్రళయకావేరి, అదే మన పులికాట్, సగటు లోతే మీటరు. ఈశాన్య రుతుపవనాలకు నిండుతుంది, ఆ నీళ్ల కోసమే పక్షులు వస్తాయి. ముఖద్వారాల్లో ఇసుక మేట వేసి సముద్రపు నీళ్లు కూడా సరిగా రావు. మే నెలలో చాలా చోట్ల ఉప్పు తేలిన నేలే.

సూళ్లూరుపేట సైకిల్:
ఇంకేం, పడవ దారిలోనే, పక్కన మనవాడు ఉంటేనే అనండి. ఆ దారి దాటితే జరిమానా. నేను అంతవరకే ఒప్పుకుంటా.

అలిపిరి మెట్లు:
తిట్టనంటే ఒకటి చెప్తా. పోయిన నెల ఎవరికీ చెప్పకుండా ఒడ్డు పక్కన దించా. నిండా యాభై గజాలు పోలేదు, తెడ్డుకు నల్లటి బురద. దిగి నెడదామంటే మోకాలి దాకా దిగబడ్డా. కయాక్ పట్టుకుని ఎలాగో బయటపడ్డా, ఎడమ కాలి చెప్పు మాత్రం రాలేదు.

ఇరకం ఆడపడుచు:
ఏ వైపు దిగావో చెప్పు. మా మామ వలలో పడితే దాచి ఉంచమంటా.