కారం టమాటా పాస్తాకు ఏ వైన్ తేవాలి?

ప్రశ్న:
మాది చిత్తూరు. ఆదివారం మా పెళ్లిరోజు. పాస్తా ఇంట్లోనే చేస్తాను. 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు కలిపి, చపాతీ కర్రతో పలుచగా ఒత్తి, కత్తితో సన్నగా కోస్తాను. సాస్‌కు మదనపల్లె టమాటాలు, వెల్లుల్లి, ఆరు ఎండుమిరపకాయలు. మా ఆయనకు కారం లేకపోతే ముద్ద దిగదు. పోయినసారి కాబెర్నే సావిన్యోన్ అనే రెడ్ వైన్ పెడితే నోరంతా వగరు, మంట. సగం సీసా మిగిలిపోయింది. చాలా బాధేసింది. ఈసారి ఏది తేవాలి?

జవాబు 1:
అక్కా, తప్పు మీ పాస్తాది కాదు. కాబెర్నేలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. జామపిందె కొరికితే వచ్చే వగరు లాంటిదే. కారం తగిలితే అది ఇంకా గట్టిగా తెలుస్తుంది. టమాటా పులుపుకు పులుపున్న వైనే కావాలి, లేకపోతే వైన్ చప్పగా ఉంటుంది. ఇటలీలోని టస్కనీలో సాంజియోవేసే ద్రాక్షతో చేసే కియాంటీ రెడ్ వైన్ టమాటా సాస్‌కు కుదిరేది అందుకే. కానీ ఆరు మిరపకాయలంటే నా ఓటు కాస్త తీపి ఉన్న వైట్ వైన్ షెనిన్ బ్లాంక్‌కే. నాసిక్‌లో చేసేవి దొరుకుతాయి. బాగా చల్లగా ఇవ్వండి.

జవాబు 2 (తిరుపతి నుంచి):
రెడ్ వైనే కావాలంటే అరగంట ఫ్రిజ్‌లో పెట్టండమ్మా. రెడ్ వైన్‌కు 16–18 డిగ్రీలు చాలు. మన ఎండల్లో బయట పెడితే ఆల్కహాల్ ఘాటే ముందు ముక్కుకు తగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
షెనిన్ బ్లాంకే తెస్తాను, అన్నా. మిరపకాయలు మాత్రం తగ్గించలేను, ఆయన ఒప్పుకోరు.