అప్‌డేట్: పోస్టల్ కోడ్‌లో సున్నాలు ఎటు పోయాయో తెలిసింది

పోయిన వారం నేనడిగింది ఇది: వేర్వేరు దేశాల అడ్రస్‌లున్న ఎక్సెల్ షీట్‌లో కొన్ని పోస్టల్ కోడ్‌లకు ఒక అంకె ఎందుకు తగ్గుతోంది, కొన్ని దేశాలవి మా ఫారమ్‌లోకి అసలెందుకు వెళ్లడం లేదు? జవాబు చెప్పినవాళ్లందరికీ థాంక్స్. సమస్య తీరింది.

ఆ కాలమ్‌ను నేను నంబర్‌గా పెట్టాను. బోస్టన్ కోడ్ 02108 అని కొట్టి ఎంటర్ నొక్కగానే కళ్ల ముందే 2108 అయిపోయింది. జర్మనీలోని డ్రెస్డెన్‌ది 01067, అదీ 1067గా మిగిలింది. ముందున్న సున్నాకు లెక్కల్లో విలువ లేదు గానీ, అడ్రస్‌లో అది ఏ ప్రాంతమో చెప్పే అంకె. కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చి, పోయిన సున్నాలను ఒక్కొక్కటే చూసుకుంటూ తిరిగి పెట్టాను. రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక ఫారమ్ సంగతి. అది అంకెలనే తీసుకుంటోంది. కెనడా కోడ్‌లోనేమో ఒక అక్షరం, ఒక అంకె మార్చి మార్చి వస్తాయి. సున్నాతో పొరబడకుండా అందులో 'ఓ' అక్షరం వాడరట, ఎంత ముందుచూపో! బ్రిటన్ కోడ్‌ల పొడవు కూడా ఒకేలా ఉండదు. నాకు బాగా నచ్చింది ఐర్లండ్ పద్ధతి. 2015లో వచ్చిన ఎయిర్‌కోడ్ ఒక్కో అడ్రస్‌కు ఒక్కోటి; ఒకే బిల్డింగ్‌లో పక్క ఫ్లాట్‌కు కూడా వేరేది. భారత్ పిన్ కోడ్‌లోని 6 అంకెలు డెలివరీ పోస్టాఫీసు దాకానే తీసుకెళ్తాయి.

హాంకాంగ్‌కు అసలు కోడే లేదు. ఆ గడిలో 00000 అని అబద్ధం రాయడం ఇష్టంలేక, ఖాళీగా వదిలినా ఫారమ్ ఒప్పుకునేలా మార్చాను.