జే-1 మీద వెళ్ళి తిరిగి రాకపోతే మాట తప్పినట్టేనా?

పాలకొల్లు నాన్న: మా అమ్మాయి కాకినాడ రంగరాయ కళాశాలలో ఎంబీబీఎస్ ముగించింది. అమెరికాలో అనస్థీషియా (మత్తు వైద్యం) రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో జీతంతో చేసే స్పెషలిస్టు శిక్షణ, చేస్తానంటోంది. శిక్షణకు వెళ్ళేవారికిచ్చే జే-1 వీసా మీద వెళ్తే చదువయ్యాక రెండేళ్ళు ఇండియాలో ఉండి తీరాలట. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) ఇచ్చే చోటు దొరికే దాకా ఆగమని నేనంటున్నాను, ఆగితే వయసు ఆగదని తనంటోంది. పది రోజులుగా ఇంట్లో మాటలు తక్కువ. తెలిసినవారు చెప్పండి.

ఫారాల రామం: వీసా సంగతి తర్వాత. ముందు పని అనుమతి కార్డు తీసుకోమనండి. అది లేకుండా ఏ ఆసుపత్రీ జీతం ఇవ్వదు.

రాత్రి డ్యూటీ: మాది ముమ్మిడివరం. ప్రస్తుతం అమెరికాలో అనస్థీషియా రెసిడెన్సీ మూడో ఏడాది, జే-1 మీదే. రామం గారూ, జే-1 డాక్టరుకు వేరే కార్డు అక్కరలేదు. విదేశీ డాక్టర్ల జే-1 వ్యవహారం చూసే ఈసీఎఫ్ఎంజీ అనే అమెరికా సంస్థ ఇచ్చే డీఎస్-2019 పత్రంతోనే పని చేయవచ్చు. అయితే ఆ పత్రంలో ఉన్న ఆసుపత్రిలోనే, ఆ శిక్షణలోనే. సెలవు రోజుల్లో వేరే చోట అదనపు డ్యూటీలు చేసి సంపాదించుకోవడం కుదరదు.

నాన్నగారూ, ఆగవద్దు. హెచ్-1బీకి స్టెప్ 3, అంటే అక్కడి డాక్టరు లైసెన్సు పరీక్షల్లో చివరిది, ముందే పాసై ఉండాలి, జే-1కి అక్కరలేదు. చాలా ప్రోగ్రాములు జే-1 తప్ప ఇవ్వవు. 2025 సెప్టెంబరు నుంచి దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ అర్జీలకు లక్ష డాలర్ల రుసుము కూడా పెట్టారు. హెచ్-1బీ మొత్తం గడువు ఆరేళ్ళు. అనస్థీషియాకే నాలుగేళ్ళు పోతాయి. గుండె ఆపరేషన్ల మత్తులోనో నొప్పి చికిత్సలోనో ఇంకో ఏడాది చదివితే మిగిలేది ఒక్క ఏడాది. ఇక జే-1 రెండేళ్ళ నిబంధనకు మినహాయింపు ఉంది. దాని పేరు కాన్రాడ్ 30. డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే చాలు.

వైనతేయ: "మినహాయింపు ఉంది" అని ఎంత తేలిగ్గా అన్నారు. జే-1కి మన కేంద్ర ఆరోగ్య శాఖ ఒక లేఖ ఇస్తుంది. అందులో ఏముంటుందో అమ్మాయికి చదివి వినిపించండి. ఈ దేశంలో ఫలానా విభాగపు వైద్యుల అవసరం ఉంది, ఈ డాక్టరు చదువు ముగించి తిరిగి వస్తానని రాతపూర్వకంగా హామీ ఇచ్చారు అని ఉంటుంది. విభాగం పేరుతో సహా. మత్తు డాక్టర్లు మాకు కావాలి అని రాసి ఉన్న కాగితాన్నే టిక్కెట్టుగా చూపించి విమానమెక్కుతున్నారు. మాది రాజోలు. ఆ అవసరం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

రాత్రి డ్యూటీ: ఆ లేఖ లేనిదే అమెరికా వీసా ఇవ్వదు, అందుకని మన ప్రభుత్వం ఇస్తుంది. దాన్ని పెళ్ళి ప్రమాణంలా చదవకండి. పైగా ఆ రెండేళ్ళు మెడపట్టి గెంటేయడం కాదు. ఇండియాలో రెండేళ్ళు ఉండే దాకా హెచ్-1బీ, గ్రీన్ కార్డు రావు, అంతే. మధ్యలో ఇంగ్లండులో గడిపితే అది లెక్కలోకి రాదు.

వైనతేయ: హామీ అనే మాట ఉందా లేదా? అది చెప్పండి.

ఫారాల రామం: కార్డు అక్కరలేదంటే నేను ఒప్పుకోను. మా బావమరిది భార్య దగ్గర ఉంది, నా కళ్ళతో చూశాను.

గోదావరి గట్టు: అందరూ వెళ్ళిపోతే మనల్ని ఎవరు చూస్తారు?

అమలాపురం మత్తు డాక్టరు: ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను కాబట్టి ఒక మాట. నా బండి వెనక సంచిలో నా సొంత లారింగోస్కోపు (గొంతులో చూసి ట్యూబు వేసే పరికరం), ట్యూబులు, వెన్నులో మత్తిచ్చే స్పైనల్ సూదులు, బీపీ పడిపోతే ఇచ్చే ఎఫెడ్రిన్ ఉంటాయి. నర్సింగ్ హోముల్లో ఏది ఉంటుందో ఏది ఉండదో నమ్మకం లేక నేనే మోసుకు తిరుగుతాను. మొన్న ఒకచోట ఆక్సిజన్ సిలిండరు మీటరు ముల్లు సగం దగ్గర నిలిచి ఉంది. తట్టి చూస్తే సున్నాకు పడిపోయింది. ఆపరేషను బాగా జరిగితే సర్జను గారి చేతి చలవ, బీపీ పడిపోతే మత్తు ఎక్కువైంది. నా ఫీజు సర్జను గారి బిల్లులో చివరి గీత. అది వచ్చేది ఎప్పుడో తెలియదు. వెళ్ళేవాళ్ళను నేను తప్పుపట్టను. వైనతేయ గారు చెప్పే అవసరం నిజమే, కానీ దానికి జీతం కట్టేవాళ్ళు ఎవరూ కనిపించరు.

ఇంకొక సంగతి. ఇక్కడ మూడేళ్ళు ఎండీ చేసి వెళ్ళినా అక్కడ మళ్ళీ మొదటి నుంచీ రెసిడెన్సీయే. వాళ్ళ అనస్థీషియా బోర్డు ఇచ్చే స్పెషలిస్టు గుర్తింపుకు వేరే దారి ఒకటి ఉంది గానీ, అందుకూ బోధనాసుపత్రిలో నాలుగేళ్ళు పని చేయాలి. వెళ్ళేదుంటే అమ్మాయి ఇప్పుడే వెళ్ళడం మంచిది.

వైనతేయ: డాక్టరు గారూ, మీరంటే గౌరవమే. 2022 జూలై వరదలో మా చెల్లెలికి నొప్పులొచ్చాయి. లంక నుంచి పడవలో తెచ్చాం. ఆసుపత్రిలో సర్జను ఉన్నారు, నర్సులు ఉన్నారు, బల్ల సిద్ధం. మత్తు డాక్టరు లేరు. సిజేరియనుకు మత్తిచ్చేందుకు ఎంబీబీఎస్ డాక్టర్లకు కొన్ని నెలల శిక్షణ ఇచ్చే పథకం ఒకటి ఉంది కదా, అలా నేర్చుకున్నవారైనా ఉన్నారా అంటే బదిలీ అయ్యారన్నారు. రెండు గంటల నలభై నిమిషాలు. గోడ గడియారం కింద నిలబడి లెక్కపెట్టాను. బిడ్డ దక్కాడు, ఏడవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఇప్పుడు చెప్పండి, ఆ లేఖ ఉత్త కాగితమా?

రాత్రి డ్యూటీ: మీ చెల్లెలి సంగతికి బాధగా ఉంది. దానికి నేనెలా బాధ్యుణ్ణి? కాన్రాడ్ కింద పనిచేసేది న్యూయార్క్ నడిబొడ్డున కాదు. ఒక్కో రాష్ట్రానికి ఏటా ముప్పై మందే. చాలా రాష్ట్రాలు కుటుంబ వైద్యులకే ముందు వరస వేస్తాయి, మత్తు డాక్టరుకు మిగిలితేనే. అక్కడి పల్లెల్లోనూ గర్భిణులున్నారు.

వైనతేయ: వాళ్ళ పల్లెకు మూడేళ్ళు ఇస్తారు, మన పల్లెకు రెండేళ్ళు ఇవ్వలేరు. అదే నా ప్రశ్న.

రాత్రి డ్యూటీ: మీ ప్రశ్న అది కాదు. మొదటి నుంచీ మీరు నాతో మాట్లాడటం లేదు, ఇంకెవరితోనో మాట్లాడుతున్నారు.

గోదావరి గట్టు: చర్చ పక్కదారి పడుతోంది.

వైనతేయ: సరే, చెబుతాను. మా తమ్ముడూ మత్తు డాక్టరే. వాడి పరీక్షల ఫీజులకు, ఇంటర్వ్యూల ప్రయాణాలకు నలభై సెంట్ల కొబ్బరితోట అమ్మాం. జే-1 మీద వెళ్ళాడు, మినహాయింపు తెచ్చుకున్నాడు. చెల్లెలు బల్ల మీద ఉన్న రాత్రి వాడికి ఫోను చేశాను. స్పైనల్ ఇవ్వగలిగినవాళ్ళు చుట్టుపక్కల ఒక్కరూ లేరా అని నన్నే అడిగాడు. నన్ను! ఆ లేఖ వాడి అలమరలో దొరికింది. తిరిగి వస్తానన్నది ఢిల్లీతో కాదు, అమ్మతో. ఇప్పటికి తొమ్మిదేళ్ళు.

రాత్రి డ్యూటీ: చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాన్నగారు పోయినప్పుడు నేను వెళ్ళలేదు. నా వీసా స్టాంపు గడువు దాటింది. బయటికి వెళ్తే మళ్ళీ స్టాంపు వేయించుకుంటేనే లోపలికి రానిస్తారు. 2025 మే చివర్లో జే వీసాల కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేసిన రోజులవి. జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు, అప్పటికి పదకొండో రోజు కూడా అయిపోయింది. అన్నయ్యే అంతా చేశాడు. మీ తమ్ముడు రాకపోవడానికి కారణం నాకు తెలియదు. ఆయన తరఫున మాట్లాడను.

వైనతేయ: వాడికి గ్రీన్ కార్డు వరస ఇంకా రాలేదట. స్టాంపు అని వాడూ అంటాడు. సాకు అనుకునేవాణ్ణి.

పాలకొల్లు నాన్న: నేను అడిగింది ఒకటి, చదివింది ఇంకొకటి. ఇదంతా అమ్మాయికి చూపించాను. రెండు రకాల ప్రోగ్రాములకూ దరఖాస్తు పెడతానంది. తర్వాత అడగమన్న మాట ఒకటుంది. అమలాపురం డాక్టరు గారూ, ఒక రోజు మీతో వచ్చి చూడనిస్తారా?

అమలాపురం మత్తు డాక్టరు: శనివారం ఉదయం ఆరున్నరకు బస్టాండు ఎదురుగా ఉంటాను. మూడు చోట్లకు తిరగాలి. హెల్మెట్ తెచ్చుకోమనండి.

ఫారాల రామం: కనుక్కున్నాను. మా బావమరిది భార్యది జే-2 అట. భర్త మీద వెళ్ళినవాళ్ళకు కార్డు కావాలట. కార్డు ఉందన్నది మాత్రం నిజమే కదా.