28 అంగుళాల పెట్టె ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?

బరువుబాధ్యతలు:
పోయిన నెల విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ దగ్గర పరువు పోయింది. నా పెట్టె 26.4 కిలోలు తూగింది, టికెట్ మీద ఉన్నది 23. పక్కకు జరగమన్నారు. వెనకున్న క్యూ మొత్తం చూస్తుండగా పెట్టె నేలమీద తెరిచి బూట్లు, రెండు పుస్తకాలు తీసి భుజం సంచిలో కుక్కాను. జాకెట్ మీద జాకెట్ తొడుక్కున్నాను. అయినా కిలోన్నర ఎక్కువే. నోరు మూసుకుని డబ్బు కట్టాను.

మంట ఎక్కడంటే, మా ఆవిడ పెట్టె 17 కిలోలే. రెండూ కలిపి 43.4, ఇద్దరికీ కలిపి 46 ఉంది కదా అన్నాను, ఒప్పుకోలేదు. పోనీ ఆ పెట్టెలోకి సర్దుదామంటే అందులో సూది దూరే సందు లేదు. నాది 28 అంగుళాలు, తనది 24.

ఇంట్లో అందరూ తప్పు నా పెట్టెదే అంటున్నారు. దాన్ని వదిలించుకుని 24 కొనమంటున్నారు. నింపింది నేనైతే పెట్టెదేం తప్పు? రెండు నెలల్లో మళ్లీ ప్రయాణం ఉంది. మీరేమంటారు?

కిటికీసీటు:
వదిలించుకోండి. జవాబు మీ మాటల్లోనే ఉంది. మీ ఆవిడ పెట్టె 17 దగ్గరే నిండిపోయింది, మీది 26 దాటినా ఇంకా చోటు ఇచ్చింది. ఖాళీ కనిపిస్తే నింపకుండా ఊరుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు, నాతో సహా. 24 అంగుళాల పెట్టెను మామూలు బట్టలతో ఎంత అదిమి నింపినా 23 దాటించడం కష్టం. జిప్ పడటం లేదంటే చాలించమని అర్థం. తూకం యంత్రం అక్కర్లేకుండా పెట్టే చెప్తుంది.

టేపుకొలత:
కిటికీసీటు గారూ, అదే లెక్కను నేను తిరగేసి చదువుతాను. వాళ్లావిడ పెట్టె 17 దగ్గర నిండింది, అంటే టికెట్‌తో పాటు వచ్చిన 6 కిలోలు గాలికి పోయాయి. ఆ పెట్టె కూడా 28 అయ్యుంటే అటు మూడున్నర కిలోలు మార్చేసి, పైసా కట్టకుండా విమానం ఎక్కేవాళ్లు. డబ్బు కట్టించింది చిన్న పెట్టె. చలికోట్లు, ఉన్ని బట్టలు తీసుకెళ్లే వాళ్లనడగండి, వాటికి బరువు తక్కువ, చోటు ఎక్కువ.

ఇంకో మాట. అసలు ఈ 28, 24 అనే అంకెల్ని నమ్మకండి. చాలా కంపెనీలు చక్రాలు వదిలేసి పెట్టె ఎత్తు మాత్రమే కొలిచి ఆ అంకె వేస్తాయి. విమానం వాళ్లు చూసేది పొడవు, వెడల్పు, మందం మూడూ కూడితే ఎంతని. ఎక్కువ సంస్థల్లో ఆ మొత్తం 158 సెంటీమీటర్లు దాటకూడదు, చక్రాలు, పిడి కలుపుకుని. మా ఇంట్లో ఒకే అంకె వేసిన రెండు పెట్టెలున్నాయి. టేపు పెడితే ఒకటి 75, 50, 30, మొత్తం 155. రెండోది 78, 52, 31, మొత్తం 161. చీటీ మీద రెండూ 28 అంగుళాలే!

కిటికీసీటు:
వాళ్లిద్దరి పెట్టెలూ 28 అయ్యుంటే రెండూ 26 తూగేవి. మనుషుల సంగతి నాకు తెలుసు.

కౌంటర్‌అవతల:
ఆరేళ్లు ఆ కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ని, నా మాట కూడా వినండి. సైజు చూసేది మా కన్ను, బరువు చూసేది యంత్రం. కన్నును మోసం చేయొచ్చు. చూడ్డానికి మామూలుగా ఉన్న పెట్టెకు టేపు పెట్టిన రోజులు నాకు బాగా తక్కువ. బరువు మాత్రం బెల్టు మీద పెట్టగానే బయటపడుతుంది. కానీ పెట్టె మరీ బండలా ఉంటే టేపు బయటికి వస్తుంది. అప్పుడు బరువుకు వేరే, సైజుకు వేరే వసూలు చేసే సంస్థలు చాలా ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

32 కిలోలు దాటితే ఇక డబ్బుతో కూడా పని కాదు, సామాన్లు విడదీయాల్సిందే. అది లోపల పెట్టెలు మోసేవాళ్ల నడుముల కోసం పెట్టిన హద్దు.

ఇక కలిపి ఎందుకు చూడలేదంటారా, టికెట్‌లో రెండు రకాలుంటాయి. కొన్నింట్లో పెట్టెల లెక్క, అంటే ఒక్కొక్కరికి ఇన్ని పెట్టెలు, ఒక్కోటి ఇన్ని కిలోలు. అందులో ఒకరి మిగులు ఇంకొకరికి చెల్లదు. కొన్నింట్లో మొత్తం బరువు లెక్క, 30 కిలోలంటే 30 కిలోలు. అక్కడ ఒకే బుకింగ్‌లో ఉన్నవాళ్లవి కలిపి చూసే సంస్థలున్నాయి. మీది మొదటి రకమై ఉంటుంది. ఆ రకంలో 'పెద్దది వద్దు, చిన్నవి రెండు తీసుకెళ్తా' అనుకుంటే ఇంకా దెబ్బ. తలా ఒకటే అన్న చోట పది కిలోలవి రెండు తెచ్చినా రెండో దానికి డబ్బు కట్టాల్సిందే.

రెండుజతలబట్టలు:
ఇంత రామాయణం ఎందుకండీ? చెకిన్ పెట్టె అనేదే మానేయండి. ఏడేళ్లుగా నాది ఒక్క కేబిన్ బ్యాగే. మూడు వారాల ప్రయాణానికీ అదే. బట్టలు ఉతుక్కోవచ్చన్న సంగతి జనం మర్చిపోయారు. 2008లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి పెట్టెకు కూడా డబ్బు వసూలు మొదలుపెట్టింది, మిగతావాళ్లు ఆ దారే పట్టారు. ఇప్పుడు టికెట్ చవగ్గా చూపించి కొసరులో లాగుతున్నారు. ఆ కొసరు నా దగ్గర దొరకదు.

టేపుకొలత:
కేబిన్ బ్యాగేమైనా కంచుకోటా? దానికీ ఒక్కో సంస్థది ఒక్కో కొలత. విమానయాన సంస్థల సంఘం ఐయాటా చెప్పేది 56, 45, 25 సెంటీమీటర్లు, అదీ సూచనే. అమెరికా సంస్థల్లో చాలావరకు 56, 36, 23. చాలాచోట్ల 55, 40, 20. యూరప్ చవక విమానాల్లో ఉచితంగా సీటు కింద పెట్టనిచ్చేది 40, 30, 20 లాంటి చిన్న సంచి. ఒకచోట దర్జాగా ఎక్కిన బ్యాగు ఇంకోచోట గేటు దగ్గర కొలత చూసే ఇనప చట్రంలో ఇరుక్కుంటుంది. గేటు దగ్గర వసూలు చేసేది ముందే ఆన్‌లైన్‌లో కట్టేదానికంటే బాగా ఎక్కువ. పైగా 7 కిలోల హద్దున్న చోట, 3 కిలోల గట్టి పెట్టె తీసుకెళ్తే మీ సామానుకు మిగిలేది 4.

యూరోపియన్ యూనియన్ కోర్టు 2014లోనే చెప్పింది, సబబైన బరువూ కొలతా ఉన్న చేతి సామానుకు అదనంగా వసూలు చేయకూడదని. 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం ఇలాంటి వసూళ్ల మీద ఐదు సంస్థలకు మొత్తం 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఫీజులు ఆగాయా? లేదు.

రెండుజతలబట్టలు:
గట్టి పెట్టె తీసుకెళ్లమని ఎవరన్నారు? చక్రాలు లేని గుడ్డ సంచి కిలోలోపే ఉంటుంది. చక్రాలు, పిడి గొట్టాలు బరువులోనూ ఎత్తులోనూ కొంత తినేస్తాయి. గుడ్డ సంచికి మూల కాస్త నొక్కితే చట్రంలో దిగుతుంది. గట్టి పెట్టెకు అర సెంటీమీటరు ఎక్కువైనా అంతే సంగతులు.

కిటికీసీటు:
నా భుజం మీ భుజం కాదు గురువుగారూ. నాకు చక్రాలు కావాలి.

కౌంటర్‌అవతల:
కేబిన్ బ్యాగు వాళ్లకు ఒక మాట. పైన చోటు లేక గేటు దగ్గర మీ బ్యాగును కిందికి పంపుతామంటే, ఇచ్చేముందు పవర్ బ్యాంక్ తీసి చేతిలో పెట్టుకోండి. లిథియం బ్యాటరీ విడిగా సామాన్ల అరలోకి వెళ్లకూడదు. జనం హడావుడిలో మర్చిపోతారు.

బరువుబాధ్యతలు గారూ, మీరు విమానం మారతారా? రెండు టికెట్లు విడివిడిగా కొంటే రెండో సంస్థ తన నియమం తాను చూసుకుంటుంది. మొదటి దాంట్లో 23 ఒప్పుకున్నారని రెండో దాంట్లో చెప్పినా లాభం లేదు. తక్కువ హద్దు ఎవరిదో అదే మీ హద్దు.

బరువుబాధ్యతలు:
అందరికీ దండాలు. ఈసారి ఒకే టికెట్, పెట్టెల లెక్కే, తలా ఒకటి, 23 కిలోలు. పొద్దున టేపు పట్టుకుని కూర్చున్నాను. నా పెట్టె చక్రాలతో 76, 51, 30, మొత్తం 157. బతికిపోయాను అనుకుంటుంటే మా ఆవిడ మందం పెంచే జిప్ తెరిచి చూపించింది. 34 అయింది, మొత్తం 161! పోయినసారి అలాగే తీసుకెళ్లాను, బరువు గొడవలో సైజు ఎవరూ చూడలేదన్నమాట.

ఖాళీ పెట్టె 4.8 కిలోలు. ఇంట్లో మనుషుల తూకం మీద పెట్టె పెడితే అంకె కనపడదు కాబట్టి, ముందు నేను ఎక్కి, తర్వాత పెట్టె ఎత్తుకుని ఎక్కి, తేడా తీశాను. అంటే నా సామాను 18 మించకూడదు. ఈ సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారి చూసుకోలేదు.

పెట్టె ఉంచుకుంటున్నాను. కానీ ఆ అదనపు జిప్ లాగే ముక్కను పక్క గుడ్డకు దారంతో కుట్టేశాను. బూట్లూ పుస్తకాలూ మా ఆవిడ పెట్టెలోకి, తన కోటు నా పెట్టెలోకి. రెండూ 21 చుట్టూ వస్తాయి.

టేపుకొలత:
చూశారా, పెద్ద పెట్టె ఉండబట్టే కోటు పట్టింది.

కిటికీసీటు:
చిన్న పెట్టె చేయాల్సిన పని దారం చేస్తోంది, అంతే. కత్తెర ఎక్కడ పెట్టారో మర్చిపోండి.